28వ ఏట డిగ్రీ పట్టా... కారుకు సెల్ఫ్ స్టార్ట్!

మే నెల మధ్యాహ్నం. విజయవాడలో ఆఫీసు బయట ఎండలో పెట్టిన కారు పెనంలా కాలుతోంది. లోపల మూడో అంతస్తులో మీ సీనియర్ ఫోన్ తీసి, యాప్‌లో ఒక బటన్ నొక్కాడు. కింద కారు దానంతట అదే స్టార్ట్ అయింది. ఏసీ ఆన్ అయింది. ఆయన మెట్లు దిగి వచ్చేసరికి సీటు చల్లగా ఉంది.

మీరైతే ఏమనుకుంటారు? యాప్ భలే ఉందనుకుంటారు. నేనూ అంతే. టెక్ బ్లాగులో ఇలాంటి ఫీచర్ల గురించి రాసేవాణ్ని కదా, నా కళ్లు ముందు సాఫ్ట్‌వేర్ మీదికే పోతాయి. కానీ యాప్ నుంచి వెళ్లిన ఆదేశం సర్వర్ దాటి, కారులోని సిమ్ దాటి, కంప్యూటర్ దాటి చివరికి ఎక్కడికి చేరుతుందో చూడండి. మోచేతి పొడవు కూడా లేని ఒక ఎలక్ట్రిక్ మోటారు దగ్గరికి. ఇంజిన్‌ను మొదటిసారి తిప్పేది అదే. దాన్నే మనం సెల్ఫ్ అంటాం.

అంత చిన్న మోటారుతో ఇంజిన్ తిప్పడం కుదిరే పని కాదని ఇంజినీర్లు తేల్చేసిన రోజుల్లో, దాన్ని కుదిర్చి చూపించినవాడు చార్లెస్ కెటరింగ్. రెజ్యూమెలో మనం సెల్ఫ్ స్టార్టర్ అని రాసుకుంటాం. అసలు సెల్ఫ్ స్టార్టర్ తయారుచేసినవాడి రెజ్యూమె ఎలా ఉండేదో తెలిస్తే మీకు కాస్త ధైర్యం వస్తుంది. కాస్త భయం కూడా వేస్తుంది. రెండూ అవసరమే.

చదువు మధ్యలో గుంతలు తవ్విన కుర్రాడు

కెటరింగ్ 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ దగ్గర ఒక రైతు ఇంట్లో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో నాలుగోవాడు. చిన్నప్పటి నుంచి కళ్లు బాగా లేవు. కాసేపు చదివితే తలనొప్పి. హైస్కూలు అయ్యాక పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పాడు. తర్వాత వూస్టర్ కాలేజీలో కొన్నాళ్లు చదివి, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్‌లో చేరాడు.

అక్కడ కళ్లు మళ్లీ మొరాయించాయి. చదువు ఆపేసి వెనక్కి రావాల్సి వచ్చింది. బతకడానికి టెలిఫోన్ లైన్లు వేసే ముఠాలో చేరాడు. గుంతలు తవ్వడం, స్తంభాలు పాతడం, తీగలు లాగడం. అదే ముఠాకు మేస్త్రీ అయ్యాడు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో బ్యాటరీలు, సర్క్యూట్లు ఎలా పనిచేస్తాయో పుస్తకంలో కాకుండా చేతులతో తెలుసుకున్నాడు. ఆరుబయట పనిలో కళ్లకూ విశ్రాంతి దొరికింది.

తర్వాత మళ్లీ యూనివర్సిటీకి వెళ్లాడు. రూమ్మేట్లు పాఠాలు పైకి చదివి వినిపిస్తే గుర్తుపెట్టుకున్నాడు. 1904లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ చేతికి వచ్చేసరికి ఆయనకు 28వ ఏడు నడుస్తోంది.

ఈ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీలో చాలామందికి గ్యాప్ ఉంటుంది. బ్యాక్‌లాగులో, ఇంట్లో పరిస్థితులో, గ్రూప్స్‌కు చదివి రాకపోవడమో ఏదో ఒకటి. నాకూ బీటెక్ అయ్యాక 14 నెలల ఖాళీ ఉంది. ప్రతి ఇంటర్వ్యూలో ఆ ఖాళీ గురించి అడుగుతారేమోనని గొంతు తడారిపోయేది. కెటరింగ్ కథలో గ్యాప్ దాచాల్సిన మచ్చ కాదు. టెలిఫోన్ ముఠాలో నేర్చుకున్న పనే తర్వాత ఆయనకు అన్నం పెట్టింది. గ్యాప్ ఉండటం వేరు, గ్యాప్‌లో ఏం చేశామో చెప్పలేకపోవడం వేరు. రెండోదే మన అసలు సమస్య.

మొదటి ఉద్యోగం గల్లాపెట్టె దగ్గర

కాలేజీ నుంచి నేరుగా డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. దుకాణాల్లో లెక్క కొట్టి, గల్లాపెట్టె తెరిచే మిషన్లు అక్కడ తయారయ్యేవి. అప్పటికి ఆ మిషన్లన్నీ చేత్తో తిప్పేవే. దానికి మోటారు పెట్టమన్నారు. 1906 కల్లా కెటరింగ్ ఎలక్ట్రిక్ క్యాష్ రిజిస్టర్ తయారుచేసి ఇచ్చాడు.

చూడ్డానికి చిన్న పనే. కానీ తర్వాత కథంతా దీని మీదే నడుస్తుంది. గల్లాపెట్టె మోటారు రోజంతా తిరగక్కర్లేదు. సరుకు అమ్మినప్పుడు ఒక్క క్షణం గట్టిగా తిరిగితే చాలు, మిగతా సమయమంతా విశ్రాంతే. కాబట్టి పెద్ద మోటారు అవసరం లేదు. చిన్న మోటారుకే ఆ ఒక్క క్షణం ఎక్కువ కరెంటు ఇస్తే సరిపోతుంది. వైండింగ్ వేడెక్కి కాలిపోవడానికి కొంత సమయం పడుతుంది కదా, ఆలోపే పని అయిపోతుంది.

అక్కడ ఉన్నన్నాళ్లూ ఆయన అమ్మకాల విభాగం వాళ్లతో ఎక్కువగా కలిసి తిరిగేవాడు. దుకాణదారుడికి ఏం కావాలో వాళ్లకే తెలుసని నమ్మేవాడు. డిజైన్ టేబుల్ దగ్గర కూర్చుంటే సమస్య తెలియదు, కౌంటర్ దగ్గర నిలబడితేనే తెలుస్తుంది.

పాకలో రాత్రి పనులు

అదే కంపెనీలో ఎడ్వర్డ్ డీడ్స్ అనే అధికారి ఉండేవాడు. ఆయన ఇంటి వెనక ఒక పాక ఉంది. పగలు ఉద్యోగం చేసి, రాత్రుళ్లు, సెలవు రోజుల్లో కెటరింగ్, మరికొందరు సహోద్యోగులు అక్కడ చేరేవాళ్లు. కార్లకు మెరుగైన ఇగ్నిషన్ తయారుచేయాలన్నది వాళ్ల పట్టుదల. ఇగ్నిషన్ అంటే ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు.

ఆ ఇగ్నిషన్ క్యాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లేలాండ్‌కు నచ్చింది. వేల సంఖ్యలో ఆర్డర్ ఇచ్చాడు. 1909లో కెటరింగ్ ఉద్యోగం వదిలేశాడు. డీడ్స్‌తో కలిసి డేటన్ ఇంజినీరింగ్ లేబరేటరీస్ కంపెనీ పెట్టాడు. ఆ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందే డెల్కో. కార్ల స్పేర్ పార్టుల్లో ఇప్పటికీ వినిపించే పేరు.

ఒక విషయం గమనించండి. ఆయన ముందు రాజీనామా చేసి తర్వాత ఐడియా వెతుక్కోలేదు. జీతం వస్తుండగానే రాత్రుళ్లు పనిచేసి, చేతిలో ఆర్డర్ పడ్డాక బయటికి వచ్చాడు. స్టార్టప్ పెట్టాలనుకునే మిత్రులు ఈ వరుస గుర్తుపెట్టుకోండి.

హ్యాండిల్ ఎదురు తన్నితే...

ఇప్పుడు అసలు కథ. పొలంలో పాత డీజిల్ ఇంజిన్‌ను హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయడం మీలో కొందరు చూసే ఉంటారు. అప్పటి కార్లన్నీ అంతే. కారు ముందు వంగి, ఇనుప హ్యాండిల్ దూర్చి, బలమంతా పెట్టి తిప్పాలి. నిప్పురవ్వ సరైన సమయం కంటే ముందే పడిందా, పిస్టన్ పైకి చేరేలోపే మంట అంటుకుని ఇంజిన్ వెనక్కి తిరుగుతుంది. దాంతోపాటు హ్యాండిల్ కూడా ఎదురు తన్నుతుంది. మణికట్టు విరగడం, భుజం జారడం అప్పట్లో మామూలు.

లేలాండ్ స్నేహితుడు బైరన్ కార్టర్ రోడ్డు మీద ఆగిపోయిన ఒకరి కారుకు సాయంగా హ్యాండిల్ తిప్పబోయాడని, అది ఎదురు తన్ని దవడ పగిలిందని, ఆ తర్వాత ఆయన చనిపోయాడని ఆటోమొబైల్ చరిత్రలో తరచూ చెప్పుకునే కథ. లేలాండ్ మాత్రం హ్యాండిల్ లేని కారు కావాలని గట్టిగా పట్టుబట్టాడు. ఆ పని కెటరింగ్ చేతికి వచ్చింది.

అప్పటి ఇంజినీర్ల అభ్యంతరం లెక్క ప్రకారం సరైనదే. ఇంజిన్ తిప్పేంత బలమున్న మోటారు కావాలంటే అది ఇంజిన్ అంత పెద్దదవుతుంది, దానికి తగ్గ బ్యాటరీలు పెడితే కారులో మనుషులకు చోటుండదు. ఈ లెక్కలో తప్పు ఎక్కడుంది? లెక్కలో లేదు, ప్రశ్నలో ఉంది. వాళ్లు రోజంతా తిరిగే మోటారుకు లెక్క వేశారు. స్టార్టర్ తిరగాల్సింది కొన్ని సెకన్లే. గల్లాపెట్టె మోటారు చేసిన కెటరింగ్‌కు ఈ సంగతి తెలుసు.

చిన్న మోటారును పళ్లచక్రాల ద్వారా ఇంజిన్ ఫ్లైవీల్‌కు కలిపాడు. స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీలన్నీ వరుసలో కలిసి 24 వోల్టులిస్తాయి. ఇంజిన్ అందుకున్నాక అదే మోటారు జనరేటర్‌గా మారి, 6 వోల్టుల దగ్గర బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది, లైట్లు వెలిగిస్తుంది. అంటే ఆయన ఇచ్చింది ఒక మోటారు కాదు, కారుకు ఒక పూర్తి కరెంటు వ్యవస్థ. ఇవాళ కారులోని స్క్రీన్ నుంచి సెంట్రల్ లాకింగ్ దాకా అన్నీ ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి.

1911 ఫిబ్రవరిలో సెల్ఫ్ బిగించిన కారు క్యాడిలాక్‌కు చేరింది. 1912 మోడల్ కార్లు దాంతోనే మార్కెట్లోకి వచ్చాయి. ఈ కరెంటు వ్యవస్థకే క్యాడిలాక్‌కు బ్రిటన్‌లో డేవర్ ట్రోఫీ దక్కింది. పేటెంట్ మాత్రం 1915లో వచ్చింది. కండబలం లేనివాళ్లు కూడా ఒంటరిగా కారు తీయగలిగారు. ఆడవాళ్లు డ్రైవింగ్ సీట్లోకి రావడానికి అదొక పెద్ద కారణం.

ఇంకో సంగతి. అప్పట్లో హ్యాండిల్ బాధ లేదని చాలామంది ఎలక్ట్రిక్ కార్లు కొనేవారు. పెట్రోల్ కారుకు సెల్ఫ్ వచ్చాక ఆ మార్కెట్ దెబ్బతింది. ఒక ఎలక్ట్రిక్ మోటారే ఎలక్ట్రిక్ కారును దశాబ్దాల పాటు మూలన కూర్చోబెట్టింది!

బలం పోయి తాళం వచ్చింది

ఏ పరిష్కారమైనా కొత్త ప్రశ్న ఒకటి పుట్టించి పోతుంది. హ్యాండిల్ ఉన్నప్పుడు కారు స్టార్ట్ చేయడమే ఒక విద్య. సెల్ఫ్ వచ్చాక ఎవరైనా చేయగలరు. ఎవరైనా అంటే దొంగ కూడా! అప్పటిదాకా ప్రశ్న స్టార్ట్ చేయగలడా అని. ఇక నుంచి స్టార్ట్ చేయడానికి వీడికి హక్కుందా అని. వందేళ్ల కార్ అలారాలు, రిమోట్ల చరిత్రంతా ఈ రెండో ప్రశ్నకు తరతరాలుగా వెతుకుతున్న సమాధానమే.

మొదట్లో తాళం ఒకచోట, స్టార్టర్ బటనో పెడలో మరోచోట ఉండేవి. 1949లో క్రైస్లర్ కార్లలో తాళం తిప్పితేనే స్టార్టర్ కూడా తిరిగే ఏర్పాటు వచ్చింది. తర్వాత సైరన్ అలారం. తలుపు తెరిచినా, అద్దం మీద కొట్టినా అరుస్తుంది. కానీ పిల్లి దూకినా అరుస్తుంది, ఉరుము ఉరిమినా అరుస్తుంది. నాన్నా పులి కథలాగా జనం పట్టించుకోవడం మానేశారు. అరిచే అలారం కారును ఆపలేదు, చుట్టుపక్కల వాళ్లు స్పందిస్తేనే దానికి విలువ.

ఆ తర్వాత రిమోట్. మొదటి తరం రిమోట్లు ప్రతిసారీ ఒకే కోడ్ పంపేవి. ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి. బీటెక్ ఫైనలియర్‌లో మా బ్యాచ్ ప్రాజెక్టు, స్కూటీకి రిమోట్ స్టార్ట్. 433 మెగాహెర్ట్‌జ్ మాడ్యూల్, హెచ్‌టీ12ఈ చిప్, సెల్ఫ్ బటన్ తీగల మధ్య ఒక రిలే. నొక్కితే స్టార్ట్. మేం ఎగిరి గంతేశాం. డెమో రోజు ఒక జూనియర్ తన ల్యాప్‌టాప్‌కు చిన్న రేడియో డాంగిల్ తగిలించి మా సిగ్నల్ పట్టేశాడు. ఆ చిప్‌లో అడ్రస్ పిన్నులు ఎనిమిదే. అంటే మొత్తం 256 కోడ్‌లు. అందులో మాదేదో వాడికి తెలిసిపోయింది. అదే చిప్‌తో ఇంకో రిమోట్ చేసి, మర్నాడు మా స్కూటీని మాకంటే ముందే స్టార్ట్ చేశాడు!

వైవాలో ఎక్స్‌టర్నల్ ఇంకో దెబ్బ కొట్టారు. స్కూటర్‌కు బ్రేకు పట్టుకుంటేనే సెల్ఫ్ పడేలా కంపెనీ ఏర్పాటు చేస్తుంది కదా, మరి మీరు దాన్ని దాటేశారేంటమ్మా, యాక్సిలేటర్ ఎవరైనా తిప్పి ఉంచితే బండి ఎటు పోతుంది అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

కార్ల కంపెనీలు ఈ రెండు పాఠాలూ మాకంటే ముందే నేర్చుకున్నాయి. మొదటి పాఠానికి జవాబు రోలింగ్ కోడ్. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, వాడేసిన పాత కోడ్‌ను కారు ఒప్పుకోదు. దానికి తోడు ఇమ్మొబిలైజర్ వచ్చింది. తాళంచెవిలో చిన్న చిప్ ఉంటుంది. దాని సమాధానం సరిపోకపోతే ఇంజిన్ కంప్యూటర్ ఇంజిన్‌ను నడవనివ్వదు. 1998 నుంచి యూరప్‌లో కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. అలారం అరుస్తుంది. ఇమ్మొబిలైజర్ అరవదు, కారును కదలనివ్వదు. ఈ తేడా ఇంటర్వ్యూలో అడిగితే ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

రెండో పాఠానికి జవాబు ఇంటర్‌లాక్. మంచి రిమోట్ స్టార్ట్ వ్యవస్థ ముందు గేరు పార్కింగ్‌లో ఉందా, తలుపులు పడ్డాయా, బానెట్ మూసి ఉందా అని చూస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటేనే సెల్ఫ్ తిప్పుతుంది. ఎవరూ రాకపోతే కొన్ని నిమిషాల్లో ఆపేస్తుంది. తాళంచెవి లేకుండా ఎవరైనా బ్రేకు తొక్కి గేరు వేయబోతే ఇంజిన్ ఆగిపోతుంది.

తర్వాత జేబులోంచి తీయక్కర్లేని తాళంచెవి, బటన్ స్టార్ట్ వచ్చాయి. సుఖం పెరిగింది, కొత్త కన్నమూ పడింది. ఇంట్లో ఉన్న తాళంచెవి సిగ్నల్‌ను ఒకడు అందుకుని, కారు పక్కనున్న రెండోవాడికి చేరవేస్తే, చెవి దగ్గరే ఉందని కారు మోసపోతుంది. దీన్ని రిలే దాడి అంటారు. బయట బిగించే కొన్ని రిమోట్ స్టార్ట్ కిట్‌లదీ ఇలాంటి కథే. ఇమ్మొబిలైజర్‌ను ఒప్పించడానికి అసలు తాళంచెవి ఒకటి కారులోనే దాచిపెట్టాలి. తలుపుకు తాళం వేసి, చెవి గుమ్మం పక్కనే పెట్టినట్టు!

ఇప్పటిది ఫోన్ తరం. మన దేశంలో 2019లో వచ్చిన ఎంజీ హెక్టర్, హ్యుందాయ్ వెన్యూ, కియా సెల్టోస్ లాంటి కార్లతో ఇంటర్నెట్ కారు అనే మాట ఇంటింటికీ తెలిసింది. ఇక్కడ తాళంచెవి అంటే మీ అకౌంట్. పాస్‌వర్డ్ పోతే తాళం పోయినట్టే. సెకండ్ హ్యాండ్ కారు అమ్మిన పాత ఓనర్ యాప్ లాగిన్ తీసేయకపోతే కారు మీదే, మీట ఆయన చేతిలో.

ఇన్ని తరాల్లో మారినవన్నీ మోటారుకు ముందున్న కాపలాదారులే. కెటరింగ్ ఆలోచన మాత్రం అలాగే ఉంది. అందుకే సెల్ఫ్‌ను కొన్ని సెకన్లకు మించి కొట్టొద్దని, మధ్యలో కాస్త ఆగమని మెకానిక్ చెబుతాడు. కాసేపే తిరగాలన్న లెక్క మీద చేసిన మోటారు కదా!

ఓడిపోయిన ఇంజిన్

డెల్కోను 1916లో అమ్మేశారు. అలా కెటరింగ్ జనరల్ మోటార్స్ గూటికి చేరి, 1920 నుంచి 1947 దాకా ఆ సంస్థ పరిశోధన విభాగాన్ని నడిపించాడు. మొత్తం 186 పేటెంట్లు ఆయన పేరు మీద ఉన్నాయి. వారాల తరబడి ఆరే కారు రంగును గంటల్లో ఆరేలా చేయడంలో ఆయన బృందం చేయి ఉంది. రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజిన్‌ను రైళ్లకు తగ్గట్టు మార్చడంలో ఆయన, ఆయన కొడుకు యూజీన్ పనిచేశారు. ఆ దారిలో ఎదిగిన ఎలక్ట్రో-మోటివ్ సంస్థ డిజైనే, మన రైల్వేలో గూడ్స్ రైళ్లు లాగే డబ్ల్యూడీజీ-4 ఇంజిన్.

అన్నీ గెలుపులే కావు. నీళ్లకు బదులు రాగి రెక్కలతో, గాలితో చల్లబడే ఇంజిన్ చేయాలని ఆయన పంతం పట్టాడు. 1923లో ఆ ఇంజిన్‌తో షెవర్లే కార్లు వచ్చాయి. ఇంజిన్లు వేడెక్కాయి, శక్తి తగ్గింది, ఫిర్యాదులు వచ్చాయి. తయారైనవి 759 కార్లే. జనం చేతికి వెళ్లినవాటిని కూడా వెనక్కి రప్పించారు. కెటరింగ్ రాజీనామాకు సిద్ధపడితే, సంస్థ అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ బతిమాలి ఉంచాడు. ఫ్యాక్టరీ వాళ్ల మాట, అమ్మేవాళ్ల మాట వినడమే బలంగా ఎదిగిన మనిషి, ఈసారి తన డిజైన్ మీద మోజుతో ల్యాబ్‌కూ ఫ్యాక్టరీకీ మధ్య దూరాన్ని తక్కువగా అంచనా వేశాడు.

దాచకూడని అధ్యాయం

ఇక భయం వేసే భాగం. ఇంజిన్లు బలం పెరిగేకొద్దీ లోపల టకటకమని కొట్టుకునేవి. నాకింగ్ అంటాం. దానికి కారణం డెల్కో ఇగ్నిషనే అని కొందరు కెటరింగ్‌ను తప్పుపట్టారు. తప్పు ఇంధనంలో ఉందని తేల్చడానికి తన సహాయకుడు థామస్ మిడ్‌గ్లీని పురమాయించాడు. ఎన్నో పదార్థాలు పరీక్షించాక, 1921 డిసెంబరులో జవాబు దొరికింది. టెట్రా ఇథైల్ లెడ్. పెట్రోల్‌లో చిటికెడు సీసం కలిస్తే చాలు, నాకింగ్ పోయింది.

సీసం విషమని అప్పటికే తెలుసు. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందనీ ఆ బృందానికి తెలుసు. ఇవాళ మన బంకుల్లో పెట్రోల్‌లో కలుస్తున్న ఇథనాల్ అదే. కానీ సీసం చవక, కొంచెంతో సరిపోతుంది, పేటెంట్ హక్కులూ చేతిలో ఉంటాయి. 1923లో అమ్మకాలు మొదలయ్యాయి. 1924లో ఆ వ్యాపారానికి పెట్టిన ఇథైల్ కంపెనీకి కెటరింగే మొదటి అధ్యక్షుడు. అదే ఏడాది అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో సీసం సోకి ఐదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. అయినా వాడకం ఆగలేదు. పిల్లల మెదడును దెబ్బతీసే ఆ సీసం పొగ దశాబ్దాల పాటు ఊరూరా గాలిలో కలిసింది. మన దేశంలో సీసం పెట్రోల్ అమ్మకం 2000లో ఆగింది. ప్రపంచం మొత్తం మీద కార్లకు అది పూర్తిగా ఆగింది 2021లో.

ఇదే మిడ్‌గ్లీ తర్వాత ఫ్రిజ్‌ల కోసం ఫ్రియాన్ వాయువు తయారుచేశాడు. దాని వల్ల ఓజోన్ పొరకు హాని అని తేలింది. ఆ పనికీ కెటరింగ్ ప్రోత్సాహం ఉంది.

స్టార్టర్ విషయంలో అందరూ సరైందనుకున్న ప్రశ్నను తిరగేసి చూసిన మనిషే, పెట్రోల్ విషయంలో నాకింగ్ పోయిందా లేదా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు. పొగ ఎక్కడికి పోతుందని చివరిదాకా అడగలేదు. మేధస్సు తక్కువై కాదు. జవాబు దొరికాక, అమ్మకం మొదలయ్యాక, తర్వాతి ప్రశ్న అడగడం ఎవరికైనా కష్టమే. ఉద్యోగంలో చేరాక మీకూ ఆ రోజు వస్తుంది.

చివరి రోజులు

1945లో స్లోన్, కెటరింగ్ ఇద్దరి పేరు మీద న్యూయార్క్‌లో క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదలైంది. ఇవాళ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్ పేరు వినని వైద్య విద్యార్థి ఉండడు. మిషిగన్‌లోని ఫ్లింట్‌లో ఇంజినీరింగ్ కాలేజీ ఒకటి 1998లో కెటరింగ్ యూనివర్సిటీగా పేరు మార్చుకుంది. అక్కడ కొంతకాలం క్లాసు, కొంతకాలం కంపెనీలో పని. చదువు, పని కలిసి నడవాలని జీవితమంతా చెప్పినవాడికి తగిన గుర్తే. 1958 నవంబరులో, 82 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. డేటన్ పక్కన ఒక ఊరికి ఆయన పేరుంది.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్ల కాలం. వాటిలో ఇంజినే లేదు, కాబట్టి సెల్ఫూ లేదు. రిమోట్ స్టార్ట్ నొక్కితే ఏసీ మేల్కొంటుంది, అంతే. సెల్ఫ్ స్టార్టర్ అవసరం లేని కారు వచ్చేసింది. ఆ కారుకు తాళం ఎలా వేయాలన్న ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది. సైబర్ సెక్యూరిటీ, ఎంబెడెడ్ సిస్టమ్స్ చదివేవాళ్లకు పని ఉన్నది అక్కడే.

మరి మీరేం చేయాలి? వచ్చే ఇంటర్వ్యూకు ముందు మీ ప్రాజెక్టు గురించి ఒక పేజీ రాసుకోండి. మూడు జవాబులు చాలు. అందరూ ఏ లెక్కను సరైందనుకున్నారు, మీరు దాన్ని ఎక్కడ ప్రశ్నించారు? మీది ఎక్కడ విఫలమైంది? మీ పరిష్కారం వల్ల ఇబ్బంది పడేది ఎవరు? నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో నేను చెప్పింది స్కూటీ స్టార్టయిన సంగతి కాదు, జూనియర్ దాన్ని ఎలా స్టార్ట్ చేశాడన్న సంగతి. అరగంట సేపు దాని మీదే మాట్లాడుకున్నాం. 14 నెలల గ్యాప్ గురించి వాళ్లు అడగనే లేదు.